ముందస్తు స్తోత్రం

“పలహారం ఏందిరా డేవిడూ? ఇడ్లీనా, పూరీనా?”

శనివారం పొద్దున ఆరున్నరకు ఉదయగిరి బస్టాండులో మునెయ్య మామ నన్ను పట్టుకుని అడిగిన మాట ఇది. ఆయన మా చర్చిలో పెద్ద. వెనకాల సంఘస్థులు, మా వీధివాళ్ళు కలిపి పదమూడు మంది ఉన్నారు. పక్కింటి మస్తానమ్మత్త మూడు గిన్నెల క్యారియరు కడిగి మరీ తెచ్చుకుంది.

“ఏం పలహారం మామా?”

“నువ్వే గదరా చెప్పినావు, శనివారం ఆత్మకూరులో మీ అక్క పలహారం ఇస్తాదని! ప్రార్థన కూటంలో నేను అందరికీ చెప్పినాను.”

అప్పుడు వెలిగింది నాకు. బుధవారం నాడు లాయరు ఫోను పెట్టేయగానే, నా జిరాక్సు షాపులోంచి, సైకిలు మీద పోతున్న మామకు కేక వేశాను, “శనివారం ఆత్మకూరులో అక్కకి పరిహారం ఇస్తారంట!” అని. సరిగ్గా ఆ ముక్క దగ్గరే నెల్లూరు బస్సు వచ్చి నా హారం మీద హారను కొట్టింది. పరిహారం పలహారమైంది. ఇచ్చేవాళ్ళు కాస్తా మా అక్క అయిపోయారు.

“పలహారం కాదు మామా, పరిహారం! అక్క కాలి మీదికి టిప్పరు ఎక్కింది గదా, దానికి లోక్ అదాలత్‌లో మాట్లాడతారంట. మనకేం పెట్టరు.”

పద్నాలుగు మొహాలు ఒక్కసారిగా వాడిపోయాయి.

“మరి నేను ఈ క్యారియరు ఎందుకు మోసినట్టు?” అంది మస్తానమ్మత్త.

“సరేలేమ్మా, ఆడోళ్ళకు బస్సు ఎట్టాగూ ఉచితమే. లిదియమ్మకు తోడు పోయినట్టుంటాది. పదండి,” అన్నాడు మామ. అందరూ ఎక్కేశారు.

మా అక్క లిదియమ్మ ముందు సీటులో ఎడమ కాలు బార్లా చాపుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బడిలో నూట ఇరవై మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండి వార్చిన మనిషి. ఏడాదిన్నర కిందట కూరగాయల సంచితో రోడ్డు అంచున నడుచుకుంటూ బడికి వెళుతుంటే, గ్రావెల్ నింపుకున్న టిప్పరు వెనక నుంచి వచ్చింది. డ్రైవరు ఒక చేయి స్టీరింగు మీద, ఇంకో చేయి చెవి దగ్గర ఫోను మీద. చక్రం అక్క ఎడమ కాలి మీదికి ఎక్కింది. అప్పటినుంచి మా ఇంట్లో అన్నీ టిప్పరు తెచ్చిన తిప్పలే.

రోడ్డు మీద విరిగిన కాలికి నెల్లూరులో రాడ్డు వేశారు. ఎముక అతికింది గాని మోకాలు వంగడం మానేసింది. కర్ర లేకుండా నాలుగడుగులు పడవు. కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. బడిలో వంటపని ఇంకొకరికి పోయింది. మోకాలికి మరో ఆపరేషన్ చేస్తే మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడగలదని డాక్టరు చెప్పాడు. మొదటిది సర్కారు కార్డు మీద జరిగింది, ఈ రెండోది దాని కిందికి రాదన్నాడు. కాబట్టి అక్క మోకాలు వంగాలంటే ముందు టిప్పరు తాలూకు బీమా కంపెనీ వంగాలి.

అది వంగే రకం కాదు. పేరుకు బీమా, తీరుకు భీముడు. అడిగినప్పుడల్లా గద చూపించేది. ఆమె రోడ్డు మధ్యలో నడిచిందని ఒకసారి, సగం ఇస్తాం సంతకం పెట్టమని ఇంకోసారి. ఆ సగం పాత అప్పులకే చాలదు, ఆపరేషన్ మాట ఎక్కడ? వాయిదాలు తప్ప ఫాయిదా లేదు. నష్టపరిహారం కోసం వెళ్ళిన ప్రతిసారీ నష్టపరిహాసం చేసి పంపేవాళ్ళు.

అయినా ఆ శనివారం నాకు బెరుకు లేదు. ఫోను మాట్లాడుతూ బండి నడిపానని డ్రైవరు క్రిమినల్ కోర్టులో ఒప్పుకుని జరిమానా కట్టాడు. కాలు నలభై శాతం పనికిరాదని మెడికల్ బోర్డు సర్టిఫికెట్టు ఇచ్చింది. ప్రతి కాగితానికీ అయిదు కాపీలు నా ఒళ్ళో ఉన్నాయి. సొంత షాపు, సొంత టోనరు.

“అక్కా, ఈ రోజు కంపెనీ వాళ్ళు మన ఫైలు చూసి పైల్సు వచ్చినట్టు కూర్చోలేక చస్తారు చూడు,” అన్నాను, బస్సంతా వినబడేలా.

“మెల్లిగా మాట్లాడరా,” అంది అక్క.

వింజమూరు దాటి, ఏ.ఎస్. పేటలో దర్గాకు వెళ్ళేవాళ్ళు దిగాక బస్సు ఖాళీ అయింది. పదింటికి ఆత్మకూరు కోర్టు వరండాలో ఉన్నాం.

మా లాయరు సురేంద్రబాబు ఎదురొచ్చాడు. నల్లకోటు కంటే మొహం నల్లగా ఉంది.

“కంపెనీ లాయరు కరుణశ్రీగారు ఒక వీడియో చూపించారు. మీ కొంప మునిగింది,” అని తన ఫోను నా చేతిలో పెట్టాడు.

చూడగానే గుర్తుపట్టాను. పట్టనా మరి, ఫిబ్రవరిలో నేను పెట్టిన స్టేటస్సే అది. పైన అక్షరాలు కూడా నావే. ‘కర్ర పోయె, కాలు వచ్చె!’ కింద మా అక్క చర్చిలో, చేతికర్ర లేకుండా, మైకు ముందు నిలబడి సాక్ష్యం చెబుతోంది.

“నా ఎడమ కాలు దేవుడు బాగుచేసినాడు. కర్ర పారేసినాను. అందరి మాదిరి నడుస్తండాను. స్తోత్రం!”

సంఘమంతా ఆమెన్ అంది. క్లిప్పు అయిపోయింది.

స్టేటస్ పెట్టి ఊళ్ళో నా స్టేటస్ పెంచుకున్నానని నాలుగు నెలలు మురిశాను. అది ఎవరెవరి ఫోన్లలోనో దొర్లి దొర్లి చివరికి కంపెనీ వాళ్ళ ఫోనులో పడింది. ఆత్మకూరు వరండాలో నా ఆత్మ నిలబడ్డచోటే కూరుకుపోయింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. కావలసింది అడగడంతో ప్రార్థన అయిపోదు. అది వచ్చేసినట్టే నలుగురిలో చెప్పి, ముందుగానే దేవుడికి కృతజ్ఞత చెల్లిస్తారు. మాకది చిన్నప్పటినుంచీ అలవాటు. కొత్తవాళ్ళు వింటే జరిగిపోయిందనే అనుకుంటారు.

సురేంద్రబాబు అక్కను బెంచీ మీద కూర్చోబెట్టాడు. “అమ్మా, ఆవేశంలో ఏదో అన్నానని చెప్పండి. లేదా పాస్టరుగారు చెప్పమన్నారని చెప్పండి. దీంట్లోంచి బయటపడతాం.”

“ఆవేశం కాదు సార్. ఆలోచించే చెప్పినాను. పాస్టరయ్య చెప్పమనలా.”

“అయితే చర్చిలో చెప్పింది అబద్ధమని ఒప్పుకోండి.”

“అబద్ధం కాదు గదా.”

“మరి కాలు బాగైందా?”

“కాలేదు గదా.”

సురేంద్రబాబు కోటు గుండీ పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. “రెండూ నిజమంటే ఎట్లమ్మా? ఒకటి వదులుకోవాలి. చర్చి మాట వదులుకుంటే ఆపరేషన్ వస్తుంది. కాకపోతే వాళ్ళిచ్చే సగం కూడా ఇవ్వరు.”

“దేవుడి దగ్గర చెప్పిన మాట కోర్టులో అబద్ధమని చెప్పి, ఆ దుడ్లతో కాలు బాగుచేయించుకోమంటారా? ఆ కాలితో మళ్ళా చర్చి మెట్లు ఎట్టా ఎక్కేది?” అంది అక్క. గొంతు పెంచలేదు. మా ఇంట్లో గొంతంతా నాకే వచ్చింది, గట్టిదనమంతా ఆమెకు పోయింది.

పన్నెండు కావస్తుండగా మా కేసు పిలిచారు. హాలు కిక్కిరిసి ఉంది. మా బలగమంతా గోడ వెంబడి నిలబడింది. కరుణశ్రీ చిన్న వయసు మనిషి, మాట మర్యాదగా ఉంది, కాగితాలు అంతకన్నా పొందికగా ఉన్నాయి.

“సార్, సర్టిఫికెట్టు పాతది. ఆ తర్వాత, ఫిబ్రవరిలో, కాలు బాగైందని ఆవిడే నలుగురిలో చెప్పారు. ఇప్పుడు సగం ఇవ్వడం కూడా ఎక్కువే,” అని క్లిప్పు పెట్టింది.

“...అందరి మాదిరి నడుస్తండాను. స్తోత్రం!”

ఫోనులో సంఘం ఆమెన్ అంది. గోడ దగ్గర నిలబడ్డ సంఘం కూడా, అలవాటు కొద్దీ, అంతకంటే గట్టిగా “ఆమెన్!” అంది. కోర్టు బంట్రోతు ఉలిక్కిపడి, వాళ్ళలో దొరికిన అయిదారుగురిని వరండాలోకి తోలేశాడు. ముందుగా తోలింది మస్తానమ్మత్తను. పాపం, ఆమె అసలు నోరే విప్పలేదు, క్యారియరు మోగిందంతే.

జడ్జిగారు నవ్వు ఆపుకుని అక్క వైపు తిరిగారు. “ఏమ్మా, ఇది మీరేనా?”

“నేనేనయ్యా.”

“కాలు బాగైందని చెప్పారా?”

“చెప్పినానయ్యా.”

“బాగైందా?”

“ఇంకా లేదయ్యా.”

“మరి అలా ఎందుకు చెప్పారు?”

“అయ్యా, నేను ఆ రోజు అంత కురచగా చెప్పలా. ఇది తోక తెగిన ముక్క. మా తమ్ముడి ఫోనులో అంతా ఉండాది. ముందు అది వినండి, ఆమీట నన్ను అడగండి.”

ఆ రోజు వీడియో తీసింది నేనే గాని విన్నది లేదు. ఫోను కిటికీలో నిలబెట్టి, మైకు కీచుమంటుంటే వైర్లు సర్దడంలో ఉన్నాను. స్టేటస్‌లో పట్టేంత మేర, మొదటి ఆమెన్ దగ్గర కోసి పెట్టాను. ఆ తర్వాత అక్క ఏం చెప్పిందో నాకు తెలియదు. ఉదయగిరి దుర్గం ఎక్కి దిగి వచ్చానని గనక చెప్పి ఉంటే?

వేరే దారి లేదు. ఫోను జడ్జిగారి బల్ల మీద పెట్టి, ఆమెన్ తర్వాతి నుంచి నడిపించాను. సాక్ష్యం సాగింది.

“మా తమ్ముడికి నోరు తగ్గించి, నిదానం ఇచ్చినాడు. స్తోత్రం!”

హాల్లో కిసుక్కుమన్నారు. నేను నేల చూపులు చూశాను.

“టిప్పరు బీమా కంపెనీ వాళ్ళు నాకు రావాల్సిందంతా న్యాయంగా ఇచ్చేసినారు. స్తోత్రం! దాంతో మోకాలి ఆపరేషన్ అయిపొయ్యింది. స్తోత్రం! బళ్ళో పిల్లకాయలకు మళ్ళా నా చేత్తోనే అన్నం వండి పెడతండాను. స్తోత్రం!”

జడ్జిగారు ఫోను ఆపమన్నారు. కరుణశ్రీ వైపు చూశారు.

“మీ కంపెనీ ఈమెకు మొత్తం ఇచ్చేసిందా?”

“లేదు సార్.”

“ఫిబ్రవరిలోనే న్యాయంగా ఇచ్చేసినట్టు మీ సాక్ష్యంలోనే ఉంది కదా?”

“అది... అది నిజం కాదు సార్. ఇంకా ఏమీ ఇవ్వలేదు.”

“ఇది ఇంకా జరగనిదైతే, దానికి ముందు చెప్పిన కాలు సంగతి మాత్రం ఎప్పుడు జరిగింది?”

సురేంద్రబాబు కోటు గుండీ వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

ఎవరూ అడగకుండానే మునెయ్య మామ ముందుకొచ్చాడు. “అయ్యా, పోయిన నెల నేను గూడా మా బోరులో నీళ్ళు పడినాయని సాక్ష్యం చెప్పినాను.”

“పడ్డాయా?”

“ఇంకా బోరే ఎయ్యలేదయ్యా.”

ఈసారి జడ్జిగారు కూడా ఆపుకోలేదు. నవ్వు తగ్గాక అక్క కర్ర మీద బరువు వేసి కొంచెం ముందుకు జరిగింది. కరుణశ్రీతోనే మాట్లాడింది.

“ఇస్తాడని నమ్మినాక, ఇచ్చినట్టే చెప్పుకుంటామమ్మా మేము. మా వాళ్ళందరికీ తెలుసు ఈ సంగతి. నీకు తెలీదు, నీ తప్పేం లేదు. ఆ రోజు కర్ర పక్కన పెట్టినాను, నిజమే. మైకు కమ్మీ పట్టుకోనుండాను, చూడు. అది వదిలితే పడిపోతాను.”

కరుణశ్రీ ఫోను దగ్గరకు తీసుకుని చూసింది. అక్క రెండు చేతులూ మైకు కమ్మీకి వేలాడుతున్నాయి. దించి పెట్టి, “సార్, పది నిమిషాలు టైమివ్వండి, ఆఫీసుతో మాట్లాడతాను,” అని బయటికి వెళ్ళింది.

పది నిమిషాలు అరగంట అయింది. తిరిగి వచ్చి, రెండో ఆపరేషన్ ఖర్చుతో సహా ఇవ్వడానికి ఒప్పుకుంటున్నామని చెప్పింది. మేం అడిగినదానికి కొద్దిగా తక్కువ. సురేంద్రబాబు అక్క మొహం చూశాడు. అక్క తల ఊపింది. జడ్జిగారు రాయించారు. అక్క నిదానంగా, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది.

బయట వరండాలో వేరే కథ నడుస్తోంది. బంట్రోతు తోలేసినవాళ్ళకు లోపలి సంగతి సగమే అందింది. ఆ సగానికి ఇంకో సగం కలుపుకున్నారు.

“కాలు బాగైందని వీడియోలో తేలిపొయ్యిందంట. కేసు కొట్టేసినారంట,” అని మస్తానమ్మత్త పక్క కేసులవాళ్ళకు కూడా చెబుతోంది. “అబద్ధమాడిందని లిదియమ్మను లోపలే ఉంచేసినారంట!”

“ఎవురు చెప్పినారు నీకు?” అంటూ నేను బెంచీ మీదికి ఎక్కాను. “అందరూ ఇట్టా రండి! ఒకసారే చెప్తాను!”

చెప్పాను. కాలు ఇంకా బాగవలేదని, బాగవుతుందనే నమ్మకంతో ముందస్తుగా చెప్పిన సాక్ష్యం అదని, కంపెనీ ఇచ్చేసిందని కూడా అందులోనే ఉందని, కంపెనీ ఇవ్వనే లేదని వాళ్ళ లాయరే ఒప్పుకోవడంతో చిక్కు విడిపోయిందని, ఇప్పుడు ఆపరేషన్‌తో సహా ఇస్తున్నారని. పక్క కేసులవాళ్ళు, టీ తెచ్చినాయన, గుమాస్తాలు, అందరూ చుట్టూ మూగి విన్నారు. తలుపు దగ్గర కరుణశ్రీ కూడా ఆగింది.

అక్క కర్ర ఆనించుకుని గుమ్మం దిగి వచ్చింది. “అంతా చెప్పినావా?”

“చెప్పినానక్కా.”

“ఆ వీడియో ముక్క కోసి, కర్ర పోయె, కాలు వచ్చె అని రాసి, ఊరంతా తిప్పినోడు ఎవురో చెప్పినావా?”

వరండా మొత్తం నా వైపు తిరిగింది.

“నేనే,” అన్నాను.

“ఏందీ? వినపళ్ళా,” అంది మస్తానమ్మత్త.

“నేనే కోసినాను!” అని అరిచాను. “స్టేటస్‌లో అంతకన్నా పట్టలా!”