వేణక్క చెయ్యి

చిట్టియ్య ముంజేతిని రెండుసార్లు తట్టి, వేలితో నిమిరి, వీరవేణి సూది దించింది. మొదటి పోటుకే నరం దొరికింది.

"గుండెల్లో నొప్పొస్తే సోడా తాగి కూర్చున్నారా? గ్యాసని మీకెవరు చెప్పారండి?"

"మా ఇంట్లో అందరికీ గ్యాసేనండి," అన్నాడు తణుకు నుంచి వచ్చిన రైతు చిట్టియ్య నీరసంగా.

"ఇంకోసారి ఇలా చేస్తే గుమ్మంలోంచే పంపించేస్తాను."

రాజమండ్రిలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సు వేణి. సన్నని ఒళ్ళు, వాచిన పాదాలు. బూట్లలో మడమలు పట్టక వెనకభాగం తొక్కి నడిచేది. మొగల్తూరు దగ్గర వలలు బాగుచేసుకునే ఇంట్లో పుట్టింది కాబట్టి చిక్కుముడి ఎక్కడుందో ఆమె వేళ్ళకే తెలుసు. పసిపిల్లలకైనా, ఎండిపోయిన ముసలివాళ్ళకైనా నరం దొరక్కపోతే అక్కడ అందరిదీ ఒకటే కేక: "వేణక్కని పిలవండి!"

ఆ పిలుపులకి పరిగెడుతూనే జుట్టు నెరిసింది. ఆమె పని నేర్పిన అమ్మాయిలు ఒక్కొక్కరే ఇన్‌ఛార్జి సిస్టర్లయ్యారు. ఇప్పుడు మళ్ళీ ఖాళీ వచ్చింది. ఈసారి తనకేనని వేణి నమ్మకం. ఇన్‌ఛార్జికి ఒక కుర్చీ ఉంటుంది. మోకాళ్ళు ఆ కుర్చీ అడుగుతున్నాయి. మోకాళ్ళ సంగతి అలా ఉంచితే, మనసు అంతకంటే గట్టిగా అడుగుతోంది.

మధ్యాహ్నం కబురు వచ్చింది. ఉమాశ్రీకి ఇచ్చారు. ఆ పిల్లకి సిరంజి పట్టడం నేర్పిందీ వేణే.

ఎమర్జెన్సీ పెద్ద డాక్టరు అనంతకృష్ణ నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "ఏమీ అనుకోకండి వేణి గారూ. మేనేజ్‌మెంట్ వాళ్ళు మీ పేరే అంటారు. నేనే వద్దంటాను. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెడితే ఇక్కడ నరం ఎవరు పడతారండి?"

పొగిడాననుకున్నాడు మహానుభావుడు. ఇంగ్లీషు రాకపోవడం వల్లేమో, బెస్తవాళ్ళ పిల్ల కావడం వల్లేమో అని ఇన్నేళ్ళూ వేణి తనని తానే తిట్టుకుంది. తీరా చూస్తే అడ్డుపడింది తన చెయ్యే.

"ప్రతిసారీనా అండి?"

"ప్రతిసారీ!" అన్నాడాయన గర్వంగా.

వేణికి గుండెల్లో మంట మొదలైంది. పొద్దుటి నుంచి టీ తప్ప ఏమీ పడలేదు, గ్యాసే అనుకుంది. క్యాంటీన్ నుంచి సోడా తెప్పించుకుని సగం తాగింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టే అయింది.

"మొహం అలా ఉందేంటి అక్కా? ఇలా కూర్చోండి," అంటూ ఉమాశ్రీ తన కొత్త కుర్చీ లాగింది.

"కాసేపేనే," అని వేణి బూట్లు విప్పి కూర్చుంది. కాళ్ళు చాపి కళ్ళు మూసుకుంది.

తల పక్కకి వాలడం ముందు చూసింది ఉమాశ్రీయే. మంచం మీదికి చేర్చారు. అనంతకృష్ణ ఛాతీ నొక్కుతున్నాడు. ఉమాశ్రీ సూది గుచ్చింది. నరం దొరకలేదు. రెండో చేతికీ దొరకలేదు.

"ఏం చూస్తున్నారు? వేణి గారిని పిలవండి!" అని అరిచాడు డాక్టరు.

ఎవరూ కదల్లేదు. తన నోట ఏం వచ్చిందో ఆయనకి అప్పుడు అర్థమైంది. చేతులు ఆగిపోయాయి. మళ్ళీ నొక్కడం మొదలుపెట్టి, చాలాసేపు నొక్కి, చివరికి గడియారం చూసి తల దించుకున్నాడు.

సాయంత్రం డ్యూటీ మారింది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కుర్చీ ముందు, మడమలు అణిగిపోయిన తెల్లబూట్లు పక్కపక్కనే ఉన్నాయి.