సగం నీళ్ల పీపా

తొమ్మిదో బిందె ఒంపి, హన్మవ్వ పీపాకు చెవి ఆనించి వేలి కణుపుతో తట్టింది. కింద బరువైన మోత, పైన డొల్ల. సగం. ఇంకా ఎనిమిది బిందెలు.

బోధన్ రోడ్డు పక్కన రాజేశ్వర్ షెడ్డులో పన్నెండేళ్లుగా ఆమె పని ఇదే. పెట్రోలు అయిపోయిన పీపాలకు దేవన్న గ్యాసు మంటతో పై రేకు కోస్తాడు. పసుపు రైతులు వాటిలో కొమ్ములు ఉడికిస్తారు. నిండు పీపాకన్నా ఖాళీ పీపా ప్రమాదం. అందులో మిగిలేది కంటికి కనబడని ఆవిరి. దానికి ఒక్క రవ్వ చాలు. కోసే గీత దాకా నీళ్లు నింపితే ఆవిరికి చోటుండదు. పన్నెండేళ్లలో షెడ్డులో ఏ ప్రమాదమూ జరగలేదు. కనుకనే ఆ నీళ్లు రాజేశ్వర్‌కు దండుగగా తోచాయి.

ఆ కరువేడు బావిలో చేదకు బురద వచ్చింది. ధర్పల్లి రైతు పొద్దుటి నుంచి బండి కట్టుకుని కాచుకున్నాడు.

“పీపకు తానం జేపిస్తున్నవా, పెండ్లి జేస్తున్నవా అవ్వా?” అన్నాడు రాజేశ్వర్.

“సగమే అయింది సేటు.”

“సగం సాలు. మంట పెట్టేది పైననే గద!”

“ఆవిరి ఉన్నది గూడ పైననే.”

దేవన్న నల్లద్దాలు నొసటి మీదికి తోసి నవ్వాడు. “నువ్వొచ్చేదాంక బీడి గూడ ముట్టియ్య. పో అవ్వా.”

ఆమె కాలువ అవతలి తోట బావికి వెళ్లింది. తిరిగి వస్తూ కాలువ గట్టెక్కేసరికి ఆ చప్పుడు వినబడింది. షెడ్డు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. హన్మవ్వ బిందె దించలేదు. నీళ్లు తొణకకుండా అడుగులు వేసింది.

రైతు తన గొంగడిని దేవన్న మీద కప్పాడు. పాదాలు మాత్రం బయట ఉన్నాయి.

“సేటు ఒకటే ఒత్తిడి వెట్టిండు. ఈయన కాదనలేక మంట పెట్టిండు,” అన్నాడు రైతు, ఆమెకు మాత్రమే వినబడేలా.

చప్పుడు విని రోడ్డు మీంచి వచ్చిన పోలీసు జవానుకు రాజేశ్వర్ చెబుతున్నాడు: “నిండ పొయ్యమని ముసల్దానికి చెప్పిన. పొయ్యలే.”

హన్మవ్వ బిందె జవాను కాళ్ల ముందు దించింది. “తొమ్మిది పోసిన. పదోది గిదే. రాస్కో సారూ.”

జవాను రాజేశ్వర్ వైపు చూసి, కలం జేబులో పెట్టుకున్నాడు.

గోడకు ఆనించిన దేవన్న సైకిలు వెనక, ఇంటికని కొన్న మెంతికూర కట్ట ఇంకా వాడిపోలేదు.