రాలిన ‘కు’

తెల్లారగానే హనుమమ్మ చేసే మొదటి పని వసారా ఊడ్చి, ఫోను పెట్టే గూటి కింద రాలిన పలుకుల్ని చాటలోకి ఎత్తడం. దుబాయ్ పోయినవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ ఇది ఉన్నదే. బ్యాలెన్స్ అయిపోయి మాట సగంలో తెగితే, పోవలసిన మిగతా సగం ఇవతలే నూకల్లా రాలుతుంది. మర్రిగూడ చుట్టుపక్కల కోళ్ళు వాటితోనే పెరుగుతున్నాయి. కొన్ని గుడ్డు పెట్టేముందు "పైలం, పైలం" అని జాగ్రత్తలు చెబుతాయి.

హనుమమ్మ కొడుకు బాలకృష్ణ సౌదీలో రోడ్లు వేసే కంపెనీకి పోయి ఏళ్ళయింది. అదే కంపెనీ నుంచి తిరిగొచ్చిన ఇస్రాయేలు ఆ రోజు పత్తి చేను గట్టు మీద బండి ఆపి, బాలకృష్ణ భార్య నవనీతను పిలిచాడు.

"వదినె, రేపు కంపెనీల దస్కతులు తీస్కుంటున్నరంట. పెట్టినోడు ఇంకో రెండేండ్లు ఆడనే. పెట్టనోనికి టికెటిచ్చి ఇంటికి తోలుతరు. పెట్టాల్నా వద్దా, ఇంట్ల అడుగుమని దోస్తు ఫోన్ల నుంచి జెప్పిండు బాలకిష్టన్న. ఆయన ఫోన్ల పైసల్లేవు, మీరే చెయ్యాలె."

సంతకం వద్దనే అంటాం, ఇందులో అడగడానికేముందని నవనీతకు ముందు కోపం వచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. పత్తి ఏరిన చేతులతోనే ఇస్రాయేలు బండెక్కి సెంటర్లో భాగ్యశ్రీ రీచార్జి దుకాణానికి పోయింది.

"పెద్ద ప్యాకున్నది గని పిరం," అంది భాగ్యశ్రీ. "నిమిషం రేటు తగ్గించే రేట్ కట్టర్ అయితే అగ్గువల వస్తది. కాకపోతే ఒక్క దేశానికే పనిచేస్తది. మీ ఆయన యాడున్నడక్కా?"

"దుబాయ్‌ల," అంది నవనీత.

ఆమె అబద్ధమాడలేదు. మా వైపు సముద్రం దాటినవాడెవడైనా దుబాయే పోతాడు. మస్కట్‌లో దిగినా దుబాయే, కువైట్‌లో దిగినా దుబాయే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్క ఫోను కంపెనీకి తప్ప.

భాగ్యశ్రీ వేసిన దుబాయ్ ప్యాకుతో ఇంటికొచ్చి ఫోను కలిపింది. "తిన్నవా?" అని మొదలుపెట్టింది. తిన్నావా అని అడక్కుండా మాట్లాడితే మనిషే కాదు కదా. అత్త మోకాళ్ళు బాగా అరిగిపోయాయని చెప్పింది, బోరు ఎండిందని చెప్పింది, అప్పుడు అసలు మాటకొచ్చింది.

"ఇగో, గా కాయితం మీద దస్కతు పెట్ట..."

ఫోను మూగబోయింది. గూటి కింద ‘కు’ టప్పున రాలింది, కందిపప్పంత.

మన తెలుగుతో ఇదే చిక్కు. పెట్టకు, పోకు, ఏడ్వకు... వద్దనడమంతా చివరనే ఉంటుంది. "పెట్ట" అని విన్నవాడు పెట్టమందనుకుంటాడా, పెట్టొద్దందనుకుంటాడా? నవనీత మళ్ళీ కలిపి చూసింది, కలవలేదు. హనుమమ్మ ‘కు’ని ఏరి, "దీన్ని కోళ్ళకేసుడేంది" అని కొంగున ముడేసుకుంది.

పొద్దున్నే మళ్ళీ దుకాణానికి పోతే భాగ్యశ్రీ నెత్తి పట్టుకుంది. "సౌదీనా? నిన్న దుబాయ్ అంటివి గదక్కా! గా ప్యాకు సౌదీకి కలవదు. మొత్తం మామూలు రేటు మీద గుంజింది." తప్పెవరిదని తిట్టుకోవడానికి కూడా దారి లేదు. నవనీత చేతిలో ఉన్న పైసలు ఒక్క ఊపిరి మాటకే సరిపోయాయి.

"తిన్నవా గిన్నవా అని అడుగకు. దస్కతొద్దు అను, గంతే," అని భాగ్యశ్రీ నేర్పి పంపింది.

దారి పొడుగునా "దస్కతొద్దు, దస్కతొద్దు" అనుకుంటూ వచ్చింది నవనీత. అవతల ఆ మనిషి "నవనీతా" అనేసరికి ఆ గొంతుకు నేర్చుకున్నదంతా మరచి, "ఇంటికి రా" అంది. అంతే, తెగింది.

గూటి కింద ఏమీ రాలలేదు. మాట మొత్తం అవతలికి పోయింది! అత్తాకోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు.

కాసేపటికి ఫోను మోగింది. విన్నానని చెప్పడానికి బాలకృష్ణ ఎప్పుడూ మిస్డ్ కాల్ కొడతాడు, దానికి బ్యాలెన్స్ అక్కర్లేదు. పక్కనున్న హనుమమ్మకు ఒక ఆలోచన వచ్చింది. నిన్నటి ముక్క కూడా చేరితే కొడుక్కి ఇంక అనుమానమే ఉండదు. ముడి విప్పి ‘కు’ని మోగుతున్న ఫోను దగ్గర పెట్టింది. అది సర్రున లోపలికి జారిపోయింది.

"నిన్నటిది గూడ అంపిన బిడ్డా. ఇగ ఫికర్ లేదు."

నవనీత అత్త చెయ్యి పట్టుకుంది. "ఏం పనిజేస్తివి అత్తా! అది నిన్నటి మాటకెట్ల అంటుకుంటది? ఆఖరు మాటకే గద అంటుకునేది."

హనుమమ్మ ‘రా’ పక్కన ‘కు’ పెట్టి పలికి చూసుకుంది. అర్థమయ్యాక ఫోనును రెండు చేతులా పట్టుకుని, "ఓ కొడుకా, వద్దురా, గది గాదురా" అని అరిచింది. ఆ అరుపంతా ఆమె కాళ్ళ దగ్గరే కుప్పగా రాలింది.

అక్కడ బాలకృష్ణ దస్కతుల వరుస వదిలేసి, సంచి సర్దుకోవడానికి పోతున్నాడు. "ఇంటికి రా" అన్న గొంతు చెవిలో ఇంకా వెచ్చగా ఉంది. దాని వెనకే, అదే గొంతుతో, "కు" అని వినబడింది.

ఎండలో అలాగే నిలబడ్డాడు. ఆమె ఊరికే అనదు, ఇంట్లో ఏం కష్టముందో ఏమో అనుకున్నాడు. వెనక్కి పోయి వరుస చివర నిలబడి, తన వంతు వచ్చాక దస్కతు పెట్టాడు.