మరుపు పాఠం

డీఎస్సీ పరీక్షలో పల్లవి మొదటిసారి తప్పింది జవాబులు తెలియక కాదు, సమయం చాలక. చిత్తూరులోని పరీక్షా కేంద్రంలో గడువు ముగిసి కంప్యూటర్ తెర ఆగిపోయేసరికి ఆమె ముట్టుకోని ప్రశ్నలు ఇంకా బోలెడు మిగిలాయి. తిరుగు బస్సు మొగిలి ఘాటు ఎక్కుతుండగా మనసులో గట్టిగా అనుకుంది: మళ్లీ రాస్తాను.

భర్త జయచంద్రకు పలమనేరు పక్కనే టమాటా తోట, ఐదారు పాడి ఆవులు. తిరుపతిలో జ్ఞాపకశక్తి పెంచుకోవడం, వేగంగా చదవడం నేర్పుతారని ఎవరో చెబితే అతనే తీసుకెళ్లి చేర్పించాడు. అక్కడి సారు పేజీ మీద వేలు జరజరా లాగుతూ, దాని వెంట కళ్లు పరుగెత్తించమన్నాడు. పల్లవి పట్టుదలగా సాధన చేసింది. ఇంటికొచ్చాక మనోవిజ్ఞానం పుస్తకంలో వారం పట్టే భాగాన్ని ఒక్క పూటలో ముగించి, గెలిచినట్టే అనుకుంది.

ఆ సాయంత్రం కొట్టంలో అత్త చంద్రకాంతమ్మ పాలు పిండుతోంది. పల్లవి దాణా కలుపుతోంది.

"పొద్దున్నించీ పుస్తకం దించలేదే! ఏం సదివినావు మ్మే?" అంది అత్త.

"మరుపు గురించి అత్తా. మనిషి ఎందుకు మర్చిపోతాడు అని."

"ఎందుకంట?"

పల్లవి నోరు తెరిచింది. పేజీ రంగు గుర్తుంది. పైన ఎడమవైపు ఒక బొమ్మ ఉన్నట్టు గుర్తుంది. అంతకు మించి ఒక్క వాక్యం రాలేదు.

చంద్రకాంతమ్మ పొదుగు దగ్గరి నుంచి తల తిప్పి చూసి పకపకా నవ్వింది. "మరుపు గురించి సదివి మర్చిపోయినావా!"

పల్లవి ముఖం మాడిపోయింది. చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లి, ఆ పాఠాన్నే మళ్లీ తీసింది. ఈసారి వేలు పెట్టలేదు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే జారిపోతుందనీ, పుస్తకం మూసి సొంతంగా చెప్పుకుంటే, కొంత ఎడం ఇచ్చి మళ్లీ చెప్పుకుంటే నిలుస్తుందనీ ఆ పాఠంలోనే ఉంది. ఆ మాటల కింద తను ఎప్పుడో ఎర్ర సిరాతో గీసిన గీత కూడా ఉంది. బిట్టు ప్రశ్నగా వస్తుందని గీసుకుంది కానీ, అది తనకే చెబుతున్నారని ఎన్నడూ తోచలేదు.

మరుసటి రోజు కొట్టంలోకి తనే ముందుగా వెళ్లింది. "అత్తా, ఈ పొద్దు అడుగు."

తడబడుతూ చెప్పింది. కొత్తగా నేర్చుకునేదానికి పాతది అడ్డం వస్తుందని చెబుతుంటే అత్త ఆపింది.

"అదెట్ల? పాతది అడ్డమొచ్చేదేంది?"

పుస్తకంలోని నిర్వచనం పల్లవికి వచ్చు. కానీ అది అత్తకు పనికిరాదు. ఎదురుగా ఉన్న ఆవును చూపించింది. "ఈ ఆవు పేరేంది అత్తా?"

"గౌరి."

"గౌరి మనం అమ్మేసిన ఆవు. ఇది తులసి. కొని ఇన్నాళ్లైనా నీకు పాత పేరే వస్తా ఉండాది గదా, అదే!"

"ఓసినీ!" అని చంద్రకాంతమ్మ ఆవు వీపు తట్టింది. పల్లవికి ఆ పాఠం ఇక మరిచిపోయే పనే లేకుండా పోయింది.

అప్పటి నుంచి అదే పద్ధతి. చదవడం, మూయడం, అత్తకు చెప్పడం. అర్థం కాకపోతే చంద్రకాంతమ్మ వదిలేది కాదు. "నువ్వు తిప్పి తిప్పి అదే చెప్తా ఉండావు, నీకే తెలీదు" అని మొహమ్మీదే అనేది. పల్లవికి కోపమొచ్చేది. కానీ వెళ్లి చూస్తే, నిజంగానే తనకు తెలియని చోటు అదే అయ్యేది. నాలుగు రోజులాగి పాత పాఠాన్నే మళ్లీ చెబితే "ఇది అయిపోయింది గదా?" అని అత్త విసుక్కునేది. "అయిపోలేదు, విను" అనేది కోడలు.

పక్కింటావిడ గోడ మీదుగా చూసి, "మీ కోడలేంది, గొడ్లతో మాట్లాడతా ఉండాది?" అంది.

"నాతో మాట్లాడతా ఉండాది. నువ్వూ రా, రొండు ముక్కలు నేర్చుకుందువు" అంది చంద్రకాంతమ్మ.

చదివే వేగం సంగతి వేరే. తను ఎందుకు వెనకబడుతోందో పల్లవి గమనించుకుంది. ప్రతి వాక్యాన్నీ నమ్మకం లేక రెండుసార్లు చదువుతోంది. అందుకని పెళ్లి పత్రిక అట్ట ఒకటి తీసుకుని, చదివిన వరుసను చదివినట్టే కప్పేస్తూ కిందికి జరపడం మొదలుపెట్టింది. వెనక్కి చూడాలన్నా వీల్లేదు. మొదట్లో ఊపిరాడనట్టు ఉండేది. రోజూ దినపత్రికతో సాధన చేయగా, ఒక్కో మాటా కాక రెండు మూడు మాటలు కలిసి కంటికి అందసాగాయి. టమాటా కోతల్లో ఒళ్లు హూనమైనా సాధన మానలేదు. "ఈ ఒక్క దినం వదిలెయ్ పల్లవీ" అని జయచంద్ర అంటే, "ఒక్క దినమని మొదలుపెడితే అది ఒక్కటితో ఆగదు" అంది.

రెండోసారి చిత్తూరులో తెర ముందు కూర్చున్నప్పుడు, పెద్ద పేరా ఒకటి వచ్చింది. కళ్లు అలవాటుగా పైకి పోబోయాయి. ఆమె పోనివ్వలేదు. ముందుకే చదివి జవాబు పెట్టింది. ఆఖరి ప్రశ్న అయ్యాక గడియారం చూస్తే, అనుమానమున్నవి తిరిగి చూసుకునేంత సమయం మిగిలే ఉంది.

ఎంపికైన వాళ్లలో ఆమె పేరుందని జయచంద్ర ఫోన్‌లో చూసి, తోటలోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. పల్లవి నేరుగా కొట్టంలోకి వెళ్లింది. ఆ ముఖం చూసే చంద్రకాంతమ్మకు అర్థమైంది. తడి చేతులతోనే కోడలి బుగ్గలు పట్టుకుంది.

కొన్నాళ్లకు పోస్టింగు వచ్చింది.

"యాడేసినారు?"

"వి.కోట అవతల పల్లెలో అత్తా."

"బస్సుండాదా?"

"పొద్దున్నే ఒకటి ఉండాది."

చంద్రకాంతమ్మ చేతిలోని తవుడు దులుపుకుంది. "అయితే మనం ఇంకొంచిం ముందే లెయ్యాల. పిలకాయలకు చెప్పబొయ్యేది ఈడ నాకొకసారి చెప్పి పో."