చేపలు వేయని తొట్టె

ఈ చెప్పులు మార్చాలి, వీటితో ఇంకో నెల నడిస్తే మడమలు చేతికొస్తాయి అనుకుంటూనే ఆమె నాలుగో మంచం పక్కన డయాలసిస్ యంత్రానికి గొట్టాలు బిగించింది, పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని, మనుషుల రక్తం బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపడం, నీది చాకిరేవు ఉద్యోగమే అక్కా అని తమ్ముడు వెక్కిరిస్తాడు, వాడికేం, కుర్చీలో కూర్చుని చేసే కొలువు, ఇక్కడ పొద్దున్నే నిలబడితే మధ్యాహ్నం దాకా నడుం వాల్చే దిక్కుండదు, పైగా ఈ చలి, యంత్రాలు వేడెక్కకూడదని ఏసీ వేసి గదిని మంచుగడ్డ చేస్తారు, రోగులు ముక్కుదాకా దుప్పటి లాక్కుని పడుకుంటారు, వాళ్ళకెదురుగా గోడవారన ఆ గాజుతొట్టె, నీళ్ళు, గులకరాళ్ళు, రెండు పచ్చటి మొక్కలు తప్ప ప్రాణమన్నది కనబడని తొట్టె, నాలుగేసి గంటలు కదలకుండా పడుండేవాళ్ళకు కాలక్షేపంగా ఉంటుందని పెద్ద డాక్టరుగారు తెప్పించి, దాని ఆలనాపాలనా తన నెత్తిన పెట్టారు, పదకొండు వారాలైంది, ఒక్క చేప పడలేదు.

తొట్టె వచ్చిన రోజున దుకాణం అతను మరీమరీ చెప్పాడు, తొందరపడి చేపలు వెయ్యకండి మేడమ్, వాటి మలంలోంచే విషం పుడుతుంది, దాన్ని తినేసే మంచి బ్యాక్టీరియా ముందు ఫిల్టర్లో పెరగాలి, రోజూ చిటికెడు చేపమేత వేయండి, అది కుళ్ళి పుట్టే విషమే బ్యాక్టీరియాకు తిండి, హీటర్ ఇరవై ఎనిమిది మీద ఉంచండి, ఐదారు వారాల్లో నీళ్ళు సిద్ధం, చల్లబడ్డాయంటే మాత్రం ఆ బ్యాక్టీరియాలు చావవు గానీ బద్ధకించి కూర్చుంటాయి, నెలలు పట్టచ్చు. రెండు వారాల తర్వాత అదంతా ఆమె నాలుగో మంచం కండక్టరు తాతకు చెబితే ఆయన దుప్పటి కదిలేలా నవ్వాడు, అంటే తొట్టెకి కిడ్నీలు మొలవాలన్నమాట, నాకంటే నయమేనమ్మాయ్, దానికింకా ఆశుంది, నవ్వు ఆగకముందే అన్నాడు, ఆ చేపలు వేసేదాకా వస్తాను, తర్వాతిక చాలు, మా అమ్మాయికీ డాక్టరుకీ చెప్పేశాను, ఈ సూదులు ఇక నా వల్ల కాదు. మానేస్తే ఎన్నాళ్ళో ఆయనకు తెలుసు, తనకూ తెలుసు, వారం, మహా అయితే రెండు.

ఆ రోజు డ్యూటీ దిగేముందు ఆమె హీటర్ మీటను పద్దెనిమిదికి తిప్పేసింది. ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా సరిగ్గా చెప్పుకోలేదు, శనివారం శనివారం చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందుచుక్కలు వేసేది, పసుపు వస్తే విషం పోయినట్టు, ఆకుపచ్చ వస్తే ఉన్నట్టు, ఆకుపచ్చ చూసి ఊపిరి పీల్చుకునేది, ఇంకా తగ్గలేదా, వింతే మేడమ్ అని దుకాణం అతను ఫోన్లో ఆశ్చర్యపోతే నిజమే, వింతే అనేది.

ఇవాళ తాత మంచమెక్కకుండా తొట్టె దగ్గర ఆగాడు, అద్దానికి అరచెయ్యి ఆనించాడు, నీళ్ళు ఐసులా ఉన్నాయేంటమ్మాయ్, ఇరవై ఎనిమిది అన్నావుగా. రాత్రి కరెంటు పోయిందేమో తాతా. ఆయన చెయ్యి తియ్యలేదు, ముప్పై ఏళ్ళు టిక్కెట్టు తియ్యనివాళ్ళ మొహాలు చూసినవాణ్ణి, నా దగ్గరా, అన్నాడు, కోపం లేదు, కోపమైనా బాగుండేది, ఇంకెన్ని స్టాపులు తిప్పుతావమ్మా నన్ను.

ఇప్పుడాయన చెయ్యి పట్టుకుని ఆమె సూదికి చోటు వెతుకుతోంది, చోటేది, మోచేతి దాకా ముడులు, గడ్డలు, వారానికి మూడుసార్లు, సారికి రెండు సూదులు, ఈ తొమ్మిది వారాల్లో ఎన్నో లెక్కెయ్యబోయి ఆగిపోయింది, ఆయనకు రోజులు ఇస్తున్నాననుకుంది, ఇచ్చినవి ఈ సూదిపోట్లు. భయపడింది ఆయన కాదుగా, ఖాళీ మంచం చూడలేక తనే, సోమవారం వచ్చిన మనిషి బుధవారం రాకపోవడం, దుప్పటి మార్చడం, కొత్త మనిషికి అదే మంచం చూపించడం, సగం చదివిన పుస్తకం తలగడ కింద వదిలేసిన టీచరమ్మ, మర్నాడు కాస్త తొందరగా వస్తానన్న పెయింటరు, ఎంతమందో, వెళ్తున్నామని ఒక్కరూ చెప్పలేదు.

సూది గుచ్చి, ప్లాస్టరు వేసి, ఆమె తొట్టె దగ్గరికి వెళ్ళి హీటర్ మీటను ఇరవై ఎనిమిదికి తిప్పింది, వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది, డ్యూటీలో కూర్చోవడం ఎన్నాళ్ళకో. ఎన్నాళ్ళు పడుతుంది, అడిగాడు తాత. మూడు వారాలు తాతా, ఈసారి నిజం. సరే, అన్నాడు, కళ్ళు మూసుకున్నాడు, వేలు మాత్రం ఆమె చేతి మీదే ఉంచాడు, యంత్రం తిరుగుతోంది, నడుం నొప్పి అలాగే ఉంది, పద్దెనిమిదేళ్ళలో ఇంతమంది చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు, ముందుగా చెప్పి, తీరిగ్గా వెళ్దామనుకున్నవాడు ఈయనొక్కడు, ఆ ఒక్కడి మాటా తను చెల్లనివ్వలేదు.