చీమ చచ్చిన పాలు

మనవడు పుట్టిన మూడోనాటికి వాడి కడుపు ఉబ్బింది. తాగిన పాలు పచ్చగా కక్కుతున్నాడు. ఇంట్లో పెత్తనం మా అక్క బుల్లెమ్మది. నా భార్య రుక్మిణి పోయాక నా కొడుకు వెంకటప్పయ్యను పెంచింది ఆమే. పిల్లవాడికి ఆముదం పోసింది. విరేచనం కాలేదు. మళ్లీ పోసింది. ఆ తర్వాత కోడలు సుబ్బరత్నం చేత గిన్నెలోకి పాలు పిండించి అందులో ఒక చీమను వేసింది. చీమ చచ్చింది.

"విషప్పాలు. దీని పాలే పిల్లగాన్ని తింటున్నయ్" అంది.

రుక్మిణినీ ఇదే మాట అంది. మా మొదటి బిడ్డ ఇలాగే కడుపు ఉబ్బి పోయినప్పుడు. అప్పుడూ ఒక చీమ చచ్చింది. తర్వాత పుట్టిన వెంకటప్పయ్యకు రుక్మిణి తన పాలివ్వలేదు, మేకపాలు పట్టింది. చనిపోయేదాకా మొదటివాణ్ని తానే చంపాననుకుంది.

చండ్రుగొండలో జీపు కిరాయికి మాట్లాడి అందరినీ ఖమ్మం పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ పిల్లవాడి కాళ్లు రెండూ పైకెత్తి చూసింది.

"ఇక్కడ గుంట ఉంది, దొడ్డికి పోయే దారి లేదు. పుట్టుకతోనే మూసుకుపోయింది. ఇప్పుడు కడుపు మీద దారి చేస్తాం. కొంచెం పెద్దయ్యాక అసలు చోట చేస్తాం. ఆలస్యమైతే బతకడు. తండ్రి సంతకం పెట్టాలి."

వెంకటప్పయ్య మేనత్త వైపు చూశాడు. "ఏం జేద్దాం అత్తా?"

"కడుపు మీదికెళ్లి దొడ్డికి పోయేటోన్ని పట్టుకొని ఊళ్లె ఏమని చెప్పుకుంటం? ఇంటికి తీస్కపోదాం. ఎన్నాళ్లుంటె అన్నాళ్లు."

సుబ్బరత్నం బిడ్డను గట్టిగా పట్టుకుంది.

నేను వార్డంతా చూశాను. పక్క మంచం మీద ఎర్రుపాలెం విశ్రాంతమ్మ కొడుకు. పాదాలు లోపలికి తిరిగి పుట్టాడు, సిమెంటు కట్లు వేశారు. ఆ పక్కన పెదవి చీలిన పిల్ల. కిటికీ దగ్గర ఏడిస్తే నీలంగా మారే పసివాడు, గుండెలో రంధ్రమట.

"ఇంతమందా అమ్మా?" అన్నాను.

"వార్డులో పదిమందిని చూస్తే ఒకరో ఇద్దరో ఇలా పుట్టినవాళ్లే. మీ ఊళ్లోనూ పుడతారు. ఇక్కడిదాకా రారు" అంది డాక్టరమ్మ.

"తల్లి ఏం తప్పు చేస్తె ఇట్ల పుడ్తరు?" అని అడిగింది అక్క.

"ఏ తప్పూ చెయ్యకపోయినా పుడతారు."

డాక్టరమ్మ అటు పోగానే అక్క విశ్రాంతమ్మకు చీమ సంగతి చెప్పింది. ఆమె పగలబడి నవ్వింది.

"చీమ పాలల్ల పడితే చావక ఈదుకుంటా ఒడ్డుకొస్తదా పెద్దమ్మా? మీ బర్రెపాలల్ల ఏసి చూడు. బతికితే నేనొచ్చి మీ ఇల్లు ఊడుస్త."

చుట్టూ ఉన్న తల్లులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంత చిన్న మాట చెప్పేవాళ్లు రుక్మిణికి ఒక్కరూ దొరకలేదు.

"అక్కా, బయటికి నడువ్."

"గదేంది తమ్ముడూ? నేను పెంచిన పిల్లగాడు వాడు..."

"పెంచినవ్. కన్నతల్లి పాలు దక్కనియ్యకుండ పెంచినవ్. నడువ్."

ఆమె వరండాలోకి పోయింది. వెంకటప్పయ్య పెన్ను పట్టుకుని ఇంకా తలుపు వైపే చూస్తున్నాడు.

"గటు ఏం జూస్తున్నవ్ రా? నీ కొడుకును జూడు."

చూశాడు. సంతకం పెట్టాడు.

పిల్లవాడు బతికాడు. ఆపరేషన్ అయిన వారానికి అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. వార్డు గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"రానియ్యండి మామయ్యా, చూసుకొని పోతది" అంది లోపలినుంచి సుబ్బరత్నం.

బిడ్డ ఆమెది. నేను పక్కకు జరిగాను. అక్క వెళ్లిపోయేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. పోతూ పోతూ నా ముందు ఆగింది. నేను తలెత్తలేదు.