మూడు దాటిన బిల్లు

లారీ రోడ్డు మీద ఉంది. ఇంజను ఆగిపోయి ఉంది. డ్రైవరు పెరుమాళ్ టైరుకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. అయినా పంకజమ్మ లెక్క ప్రకారం లారీ ప్రయాణంలోనే ఉంది.

చెన్నై పక్కన మనలిలో పంకజం సాల్వెంట్స్ అనే చిన్న ఫ్యాక్టరీకి ఆమె యజమాని. తొలిసారి కొలంబోకు సరుకు పంపుతోంది. అందుకే రాహుకాలం రాకముందే గుమ్మడికాయ కొట్టించి, డ్రమ్ములు నింపిన లారీని గేటు దాటించి రోడ్డు పక్కన నిలబెట్టించింది. మంచి వేళకు మూటను ముందే గడప దాటించి పరస్థానం పెట్టినట్టే. బయలుదేరడం మంచి వేళలో అయిపోయింది. ఇక కదలడం ఎప్పుడైనా కదలవచ్చు.

కదలాలంటే మాత్రం బిల్లు కావాలి. తొండియార్‌పేటలో ఓడకెక్కే సరుకు దించుకునే యార్డు మూడున్నరకు గేటు మూసేస్తుంది. ఓడ ఈ రాత్రే వెళ్లిపోతుంది. సరుకు అందకపోతే ఆర్డరు రద్దని కొలంబో వర్తకుడు ముందే చెప్పాడు. దారి చూస్తే గంటకు పైనే పడుతుంది.

ఎగుమతి బిల్లు కొట్టాలంటే సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త అప్‌డేట్ వేయాలి. ఆ పని మీద వచ్చింది నివేదిత. విజయవాడ అమ్మాయి, మౌంట్ రోడ్డులోని ఒక కంప్యూటర్ కంపెనీలో ఇంజనీరు. ఒకటీ ఇరవైకి బిల్లింగ్ ఆపింది. సీడీ పెట్టింది. ఫైళ్లు కాపీ అవుతుండగా వెళ్లి క్యాంటీన్‌లో సాంబారన్నం తిని వచ్చింది. సర్వర్‌ను ఆపి, మళ్లీ స్టార్ట్ చేసింది.

సర్వర్ లేచింది. బిల్లింగ్ సర్వీసు లేవలేదు.

సర్వీసు అంటే సర్వర్ లేవగానే ఎవరూ పిలవకుండానే లేచి తెర వెనక పనిచేసే ప్రోగ్రాము. ఇది మాత్రం పిలిచినా లేవడం లేదు. నివేదిత మౌస్‌తో స్టార్ట్ నొక్కింది. "ఎర్రర్ ఏడు" అంది కంప్యూటర్. ఏడు అంటే ఏమిటో అది చెప్పలేదు.

"ఏడుపే," అన్నాడు మేనేజరు కోదండరాం. పంకజమ్మకు పెదనాన్న కొడుకు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. "బాగుండే మిషన్ను కెలికినారు. ఆ అప్‌డేటో గిప్‌డేటో, దాన్ని పీకి పారేయండి మేడమ్."

"పీకితే ఎగుమతి బిల్లు రాదండీ."

"ఉంచితే ఏ బిల్లూ రాలేదే!"

నివేదిత మళ్లీ తెర వైపు తిరిగింది. సర్వీసు పాస్‌వర్డ్ చూసింది. సరిగానే ఉంది. డేటాబేస్ నడుస్తోందా అని చూసింది. నడుస్తోంది. డిస్కులో చోటు చూసింది. బోలెడు. మళ్లీ స్టార్ట్ నొక్కింది. ఏడు.

కిటికీ బయట పెరుమాళ్ రెండో బీడీ అంటించాడు.

చివరికి నివేదిత సర్వర్ లాగ్ తెరిచింది. యంత్రంలో ఏ పని ఎప్పుడు జరిగిందో వరుసగా రాసిపెట్టుకునే చోటు అది.

బిల్లింగ్ సర్వీసు లేవలేక పడిపోయింది ఒకటీ పన్నెండుకట.

ఒకటీ పన్నెండుకు ఆమె బిల్లింగ్‌ను ఆపనే లేదు. అప్పటికి అది నిక్షేపంగా నడుస్తోంది. హత్య ఇంకా జరగలేదు, పంచనామా మాత్రం పూర్తయిపోయింది!

నివేదిత కుర్చీలో గిర్రున తిరిగింది. "నేను క్యాంటీన్‌కు వెళ్లినప్పుడు ఈ గదిలోకి ఎవరు వచ్చారు?"

కోదండరాం రెండు చేతులూ ఎత్తాడు. "నేను కాదు మేడమ్. నాకు దాన్ని ముట్టుకోవాలంటేనే భయం. మా పిల్లల మీద ఒట్టు."

"మరెవరు?"

"నేనే," అంది గుమ్మంలోంచి పంకజమ్మ. చేతిలో ఫిల్టర్ కాఫీ గ్లాసు. ముఖంలో తప్పు చేసిన జాడ ఈషణ్మాత్రం లేదు. "ఏందిప్పుడు?"

"మీరు సర్వర్‌లో ఏం చేశారమ్మా?"

"ఏం చేస్తా? గడియారం తిప్పినా. ఆదివారం కంప్యూటర్ క్లాసుకు పోతా ఉండాను గదా. ఆ మూల గడియారాన్ని రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటాదని ఆడ నేర్పినారు."

"ఎందుకు తిప్పారు?"

"ఈ దినం గురువారం. ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. నువ్వు చూస్తే నిదానంగా తిని వస్తివి. రాహుకాలంలో మిషన్ స్టార్ట్ చేస్తే నా మొదటి సరుకు ఏం గావాల? అందుకని దాన్ని ఒకటీ పదిలో పెట్టినా. మన గడియారం మనకు, దాని గడియారం దానికి. దాని లెక్కలో మంచి టైము ఉంటే చాలు గదా. రాహువు వచ్చి నా చేతి వాచీ చూస్తాడా ఏంది?"

నివేదితకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ దారి తెలిసింది. "అమ్మా, ఈ బిల్లింగ్ అద్దెకు తెచ్చుకున్న ప్రోగ్రాము. గడువు దాటినా వాడుకోవడానికి కొందరు గడియారం వెనక్కి తిప్పుతారు. అందుకని ఇది లేచినప్పుడల్లా టైము చూసుకుంటుంది. తను పడుకున్న టైము కన్నా లేచిన టైము ముందుంటే, ఎవరో మోసం చేస్తున్నారని మళ్లీ పడుకుంటుంది."

"నేను మోసగత్తెనా?"

"మీరు కాదండీ, గడియారం. ఇప్పుడు సరిచేస్తాను, లేస్తుంది." మౌస్ మీద చెయ్యి వేసింది.

"ఆగు!" కాఫీ తొణికింది. "ఇప్పుడు టైమెంత?"

"రెండు."

"సరిచేస్తే రాహుకాలం నడిమధ్యలో లేపినట్టు గాదా? ఒప్పుకోను. మూడు దాకా కూర్చో."

"అక్కా, మూడుకు బయలుదేరితే ఆడ గేటు మూసేస్తారే!" కోదండరాం గొంతు కీచుమంది.

"మూస్తే మూయనీ. చెడ్డ వేళలో మాత్రం ఒద్దు."

నివేదిత తెర వైపు చూసింది. పంకజమ్మ వైపు చూసింది. ఈవిడను ఒప్పించడం తన వల్ల కాదు. ఈవిడ లెక్కలోనే ఇంకో అడుగు వేయాలి.

"అమ్మా, వెనక్కి తిప్పితేనే దానికి కోపం. ముందుకు తిప్పితే ఏమీ అనదు. దాని గడియారంలో రాహుకాలం దాటించేద్దామా?"

పంకజమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఇంత తెలివి పెట్టుకుని ఇందాకట్నుంచి ఏం చేస్తా ఉండావు?"

నివేదిత గడియారాన్ని మూడూ ఐదుకు తిప్పింది. స్టార్ట్ నొక్కింది. సర్వీసు లేచింది. ప్రింటరు కిర్రుకిర్రుమంటూ బిల్లు కక్కింది. కోదండరాం దాన్ని పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. లారీ కదిలింది.

ఆ రోజు ఎందుకో దారంతా ఖాళీ. మామూలుగా కంటైనర్ల మధ్య నత్తలా పాకే లారీ దూసుకుపోయింది. మూడు కాకముందే ఆఫీసులో ఫోను మోగింది. కోదండరాం ఎత్తాడు. పెరుమాళ్ గొంతు గదంతా వినిపించింది.

"సార్, యార్డు గేటుకాడ ఉండే ఆయన ఇడవడం లేదు సార్! బిల్లు మూడూ ఐదుకు కొట్టినారంట. ఇంకా మూడే కాలేదే, రేపటి పేపరు ఈ దినమే తెచ్చినావా అంటాండాడు. దొంగ బిల్లని ఆఫీసరుకు చెప్తాడంట!"

బిల్లు మీద టైము పడుతుందన్న సంగతే నివేదితకు తట్టలేదు. కోదండరాం "కడవుళే, దేవుడా!" అంటూ కుర్చీలో కూలబడ్డాడు. పంకజమ్మ అతని చేతిలోంచి ఫోను లాక్కుంది. గేటు దగ్గరి మనిషిని పిలవమంది. తమిళంలోకి మారింది.

"నీ పేరేమయ్యా?"

"కృష్ణన్, అమ్మా. ఈ బిల్లు..."

"బిల్లు అట్లా ఉంచు కృష్ణన్. ఈ రోజు ఏ వారం?"

"గురువారం."

"ఇప్పుడు టైమెంత?"

"మూడుకు ఇంకా పది నిమిషాలుంది... అంటే..." అవతలి గొంతు ఆగిపోయింది.

"ఆ. అదే. నా జన్మకు ఇది మొదటి ఎగుమతి సరుకు. ఇప్పుడు, ఈ వేళలో, నీ గేటు దాటిస్తావా?"

"అయ్యయ్యో, వద్దమ్మా!"

"అందుకే మూడు దాటిన బిల్లు ఇచ్చి పంపాను. మా డ్రైవరుకు కాలు నిలవదు, ముందే వచ్చి నిలబడ్డాడు. తప్పు నాదా?"

"ఆ సంగతి వాడు ముందే చెప్పొచ్చు కదమ్మా! నేను దొంగ బిల్లనుకున్నాను." కృష్ణన్ అటు తిరిగి ఎవరి మీదో అరిచాడు. "ఏయ్, ఆ లారీని వేపచెట్టు కింద పెట్టు. మూడు కొట్టగానే మొదటి బండి ఇదే."

అన్నట్టే మూడు దాటిన కాసేపటికి పెరుమాళ్ మళ్లీ ఫోను చేశాడు. లారీ లోపలికి పోయింది. డ్రమ్ములు దించుతున్నారు. కృష్ణన్ తన చేత్తోనే బండి ముందు కర్పూరం వెలిగించాడట.

కోదండరాం కళ్లు తుడుచుకున్నాడు. నివేదిత సీడీని సంచిలో వేసుకుని లేచింది.

"ఆ గడియారం సంగతి?" అంది పంకజమ్మ. "గంట ముందుకు ఉరుకుతా ఉండాది గదా."

"ఇప్పుడు వెనక్కి తిప్పితే మళ్లీ పడుకుంటుందమ్మా. సాయంత్రం బిల్లింగ్ ఆపేయండి. రేపు ఉదయం నేనే వచ్చి సరిచేస్తాను."

పంకజమ్మ గోడ మీది క్యాలెండరు వైపు ఒక చూపు విసిరింది.

"రేపు శుక్రవారం. పదిన్నర లోపల రా."